టీ చుక్క, మసి చుక్క

కలకత్తా రేవుల్లో నాకు తెలియని ఇంజిన్ లేదు. ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల్ని లాగే టగ్గు పడవ ఇంజిన్ దగ్గితే, అది వేడికి దగ్గిందో నూనె చాలక దగ్గిందో వాట్‌గంజ్‌లో మా మంచం మీద పడుకునే చెప్పగలిగేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా థర్మామీటరు ముట్టుకోలేదు. ఇంజిన్ తల మీద ఒక్క టీ చుక్క వేసేవాణ్ణి. అది ఆవిరయ్యే తీరు చూసి ఎన్ని డిగ్రీలో చెప్పేసేవాణ్ణి.

పై పేరాలో నిజం ఒక్కటే. థర్మామీటరు ముట్టుకోలేదు.

మిగతాది ఎలా పుట్టిందో, ఎనిమిదేళ్ళు ఎలా బతికిందో, ఒక ఆదివారం గార్డెన్ రీచ్‌లో పదిమంది ముందు ఎలా చచ్చిందో చెబుతాను. చెప్పేటప్పుడు కొంచెం పెంచుతాను. అలవాటైపోయింది. పెంచినచోట మళ్ళీ నేనే దించుతాను, కంగారు పడకండి.

ఇంజిన్ అనగానే టగ్గు ఇంజిన్‌ని ఊహించుకోవద్దు. ఇది జామకాయంత ఇంజిన్. మా కోడలి రిమోట్ కారుది. మూరెడు పొడుగు కారు అది. దూరంగా నిలబడి చేతిలో రిమోట్ పట్టుకుని నడుపుతారు. బ్యాటరీతో నడిచే పిల్లల బొమ్మ కాదు, నైట్రో కారు. దాని ఇంధనం సీసాలో గులాబీ రంగులో ఉంటుంది. స్పిరిటులాంటిదేదో, నైట్రో, కాస్త నూనె కలిపి చేస్తారట. ఆ నూనె ఆముదం. అందుకే అది వదిలే పొగలో, చిన్నప్పుడు మా అమ్మ నా తలకు బలవంతంగా పట్టించిన ఆముదం వాసన వస్తుంది. చప్పుడు మాత్రం రేకు డబ్బాలో వంద కందిరీగల్ని వేసి మూత పెట్టినట్టుంటుంది. గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో పోతుంది.

సరే, అరవై. కానీ పక్కన నిలబడితే నూట యాభైలాగే ఉంటుంది.

మా కోడలు ఒక ఆసుపత్రిలో నర్సు. వారమంతా రోగుల జ్వరాలు చూసి ఆదివారం ఈ ఇంజిన్ జ్వరం చూస్తుంది. మా అబ్బాయికి ఆ చప్పుడు పడదు. వాడు ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. కాబట్టి కోడలికి తోడు నేనే. ఆ కారుకు తాడు లాగితే స్టార్టయ్యే ఏర్పాటుంది. ఆ తాడు లాగే పని నాది. అది మాత్రం నాకు నిజంగానే బాగా వచ్చు. ఎందుకు వచ్చో తర్వాత చెబుతాను.

కోడలు ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగింది. వాళ్ళ నాన్న అక్కడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడి పెద్ద ఇంజినీరింగు కాలేజీ విద్యార్థులు మైదానంలో ఇలాంటి కార్లు నడుపుతుంటే తండ్రీ కూతురూ సైకిలు మీద వెళ్ళి చూసేవాళ్ళట. చదువైపోయి వెళ్ళిపోతూ ఒకతను తన కారు వాళ్ళకు ఇచ్చేశాడు. తండ్రి దాని పైడొప్పకు ఎర్రరంగు వేసి, పక్కన తెల్లటి అంకెలు రాసి కూతురి చేతిలో పెట్టాడు. ఆ అంకెలు గూడ్సు వ్యాగన్ మీది అంకెల్లా వంక లేకుండా ఉంటాయి. ఎనిమిదేళ్ళు వాటిని చూశాను. చూశానే తప్ప, వాటి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు.

ఆ ఇంజిన్ ఇప్పుడెక్కడా దొరకదు. చేసేవాళ్ళే చెయ్యడం మానేశారు. ఇది కాలిపోతే ఇంకొకటి లేదు. దానికొక సూది స్క్రూ ఉంటుంది. దాన్ని బిగిస్తే లోపలికి ఇంధనం తక్కువ పోతుంది, కారు రెచ్చిపోయి పరిగెడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. వదులు చేస్తే ఇంధనం ఎక్కువపోయి చల్లగా ఉంటుంది గానీ, పొగ కక్కుకుంటూ బస్తాల బండిలా నడుస్తుంది. ఇంజిన్ తల వేడి నూరు డిగ్రీలకు పైన, నూట ఇరవైకి కాస్త అటూ ఇటూ ఉండాలి. నూట ముప్పై దాటితే లోపల పిస్టన్ పట్టేస్తుంది. ఆ తర్వాత దాన్ని పుస్తకాల మీద బరువుగా పెట్టుకోవడమే. అందుకని ఈ ఆటలో నడపడం సగం విద్యయితే, వేడి చూడడం మిగతా సగం.

ఆమధ్య కరోనా రోజుల నాటి నుదుటి తుపాకీ ఒకటి ఇంట్లో ఉంటే, కోడలు చూడకుండా దాన్ని ఇంజిన్ మీద పేల్చాను. ఎర్రలైటు వెలిగి కీచుకీచుమంది. దానికి తెలిసిన పెద్ద జ్వరం నలభై రెండు.

"మావయ్యా, అదేటి సేత్తన్నారు? అది మనుసులకి!" అంది కోడలు.

"మనిసైనా మిసనైనా జొరం జొరమే గదమ్మా."

"అయితే దీనికో పారాసిటమాల్ కూడా ఏసీండి!"

తర్వాతి వారమే అసలైన తుపాకీ తెచ్చుకుంది. మీట నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది. ఆ చుక్క ఇంజిన్ తల మీద పెడితే అంకె వస్తుంది. అప్పటి నుంచి కొన్ని ఆదివారాలు నూట ఎనిమిది, నూట పది, ఇలా బుద్ధిగా చూపిస్తూ వచ్చింది.

ఇక నా టీ చుక్క. అది పుట్టింది ఖరగ్‌పూర్‌లో, మా అబ్బాయి పెళ్ళిచూపుల్లో.

అమ్మాయి తండ్రి వర్క్‌షాపులో పనిచేశానన్నాడు. "ఫిట్టరా?" అన్నాను నేను, గౌరవంగా. ఆయన చిరునవ్వు నవ్వి నా చేతిలో లడ్డూ పెట్టాడు. రైలింజన్లు విప్పి బిగించిన చేతుల ముందు నేనేం చెప్పుకోను? నేను జెట్టీ మీద కళాసీని. ఓడ రేవుకు వస్తుంది, పైనుంచి తాడు విసురుతారు, దాన్ని పట్టుకుని లాగి, ఇనప గుంజకు మెలిక వెయ్యాలి. ఓడ వెళ్ళేటప్పుడు ఆ మెలిక విప్పాలి. ముప్పై నాలుగేళ్ళు అదే పని.

"మరి తమరేటి సేసీవోరు బావగారూ?" అన్నాడాయన.

"టగ్గు మీద ఇంజిన్ సూసుకునీవోణ్ణండి" అన్నాను. పక్కన కూర్చున్న మా ఆవిడ నా కాలు తొక్కింది.

ఆయన అంతటితో ఊరుకోలేదు. "అబ్బో! మరి ఏడి ఎలగ సూసీవోరు? మీటరుండీదా?"

అప్పుడు నాకొక పాత టగ్గు ముసలాయన గుర్తొచ్చాడు. ఆయన ఇంజిన్ గది గుమ్మంలో నిలబడి, చేతిలోని గ్లాసులోంచి వేళ్ళతో ఏదో చిలకరించి, చెవి ఒగ్గి వినేవాడు. జెట్టీ మీంచి అరవై అడుగుల దూరాన చూశాను. గ్లాసులో నీళ్ళో టీయో నాకెలా తెలుస్తుంది? డాక్‌లో గ్లాసంటే టీయే.

"మీటరెందుకండి? టీ సుక్క!" అన్నాను. చుక్క ఎన్ని లెక్కలు ఆగితే ఎంత వేడో అక్కడికక్కడే ఒక పట్టిక కట్టి వినిపించాను. ఆయన నోరు తెరుచుకుని విన్నాడు. అప్పటి నుంచి ఎప్పుడు కలిసినా, "మన ఇంజినోరు బావగారు" అని పదిమందికీ పరిచయం చేసేవాడు. ఎనిమిదేళ్ళు ఆ టగ్గును మోశాను. తాళ్ళే నయం.

ఇక్కడ మా చర్చి సంగతి కూడా కాస్త చెప్పాలి. మాది తెలుగు చర్చి. ఆరాధన చివర ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. దాన్ని సాక్ష్యం అంటాం. నా సాక్ష్యాలకు మంచి పేరు. డెంగ్యూ నుంచి కోలుకున్న సాక్ష్యంలో నేను రెండుసార్లు చచ్చి బతికాను. ఆడవాళ్ళ వైపు నుంచి మా ఆవిడ దగ్గింది. ఒకసారికి దించాను. ఆమె మళ్ళీ దగ్గింది. జ్వరం వచ్చింది, తగ్గింది, దేవునికి స్తోత్రం అని కూర్చున్నాను.

ఇంతకీ ఆ ఆదివారం. గార్డెన్ రీచ్‌లో మూతబడ్డ ఒక గోదాం వెనక సిమెంటు యార్డుంది. కొందరు సరదా మనుషులు అక్కడ నెలకోసారి చిన్న పందెం పెట్టుకుంటారు. ఆరు కార్లు, పదిహేను నిమిషాలు. వాళ్ళకు పెద్ద ఒక రిటైరైన బెంగాలీ ప్రొఫెసరు. మా కోడలు అంతకుముందు రెండు పందేల్లో కడదాకా నిలవలేదు. ఒకసారి చక్రం ఊడింది, ఒకసారి ఇంధనం గొట్టం జారింది. ఈసారి వాళ్ళ నాన్న మొదటిసారి చూడడానికి వస్తున్నాడు.

"ఫస్టు రానక్కర్లేదు మావయ్యా. నాన్న సూత్తుండగా ఆగకండా కడదాకా నడవాల. నా ఇంజిన్ నాకు మిగలాల. అంతే" అంది.

వియ్యంకుడు వస్తున్నాడంటే ఇంట్లో హడావుడి ఎలా ఉంటుందో తెలుసుగా. శనివారం మా ఆవిడ చింతపండు పెట్టి గిన్నెలన్నీ తోమింది. డాబా మీద కోడలి కారు పైడొప్ప తీసి ఆరబెట్టి ఉంది. ఇంజిన్ తల నెలల తరబడి కాలిన ఆముదం పట్టి, పాత అట్లపెనంలా నల్లగోధుమ రంగులో ఉంది.

"ఈ జిడ్డు సూత్తే అన్నయ్యగారేటనుకుంటారు? పిల్ల సామాను కూడా సూడ్డం లేదనుకోరా?" అని, మిగిలిన చింతపండుతోనే పాత పళ్ళబ్రష్షు పెట్టి దాన్నీ తోమేసింది. తల చుట్టూ ఉండే సన్నని రెక్కల్ని ఒక్కొక్కటే రుద్దింది. చివరికి ఆ తలలో నా మొహం కనిపించింది. కోడలు డ్యూటీ నుంచి వచ్చి చూసి, "అబ్బ, కొత్తదానిలాగుంది అత్తమ్మా!" అని మురిసిపోయింది. నేనూ మురిశాను. జరగబోయేది ఎవరికి తెలుసు?

ఆదివారం పొద్దున్న మొదటి ఆరాధన ముగించుకుని, లోకల్ రైలు దిగి వచ్చిన వియ్యంకుణ్ణి కలుపుకుని, నలుగురం రెండు ఆటోల్లో గార్డెన్ రీచ్ చేరాం. మబ్బు పట్టి గాలి బిగదీసుకుని ఉంది. చొక్కాలు వీపులకు అతుక్కుపోయాయి. యార్డు మూల బొగ్గుల పొయ్యి పెట్టుకున్న టీ దాదా నన్ను చూడగానే అలవాటు ప్రకారం మట్టి ముంతలో టీ పోసిచ్చాడు. మా ఆవిడ అతని బల్ల మీద క్యారేజీ పెట్టుకుని కూర్చుంది.

నేను తాడు లాగాను. ఒక్క లాగుకే ఇంజిన్ కేక పెట్టింది. కోడలు నాలుగు చుట్లు తిప్పి, కారును దగ్గరికి రప్పించి, ఇంజిన్ తల మీద ఎర్ర చుక్క పెట్టింది.

"ఎనబై ఎనిమిదే! పోయిన వారం నూట పదుంది, నాన్నా."

"మబ్బుగుంది గదమ్మా, దానికేమో" అన్నాడు వియ్యంకుడు.

"ఇంత సల్లగుంటే పరిగెట్టదు. బిగించాల."

ఆయన వంగి పొగ వాసన చూశాడు. "పొగ పల్సగానే ఉన్నట్టుందమ్మా. మరి నాకేటి తెలుత్తాది గానీ... మన ఇంజినోరు బావగారుండగా మనకెందుకు? బావగారూ, మీ టీ సుక్కొకటెయ్యండి, సూద్దుం."

చుట్టూ ఉన్నవాళ్ళు మూగారు. ప్రొఫెసరు కూడా కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి "కీ హోచ్ఛే?" అంటూ ఏం జరుగుతోందని అడిగాడు. కోడలు ఆయనకు బెంగాలీలో ఏదో చెప్పింది. ఆయన నా వైపు చూసి చేతులు జోడించాడు. అలాంటప్పుడు మనిషి వెనక్కి తగ్గుతాడా?

ముంతలో వేలు ముంచి ఇంజిన్ తల మీద ఒక చుక్క వదిలాను. అది కూర్చుంది. మెల్లగా బుడగలు వచ్చాయి. గోధుమరంగు తిరిగింది. "ఒకటి, రెండు, మూడు..." అందరూ నాతో పాటు లెక్కపెట్టారు. ఏడు దాకా చుక్క కదల్లేదు.

"సల్లగుంది. బిగించమ్మా" అన్నాను, ఓడ నడిపించే గొంతుతో.

కోడలు స్క్రూ బిగించింది. ఈసారి కారు పోయిన పోకడ ఏమని చెప్పను! మూలల్లో ఒక పక్క చక్రాల మీద లేచింది. కందిరీగలు కాదు, ఈలలు. వెనక పొగ అనేదే లేదు. వియ్యంకుడు చప్పట్లు కొట్టాడు. నేను మీసం దువ్వాను. కోడలు కారును తీసుకొచ్చి ఇంజిన్ ఆపి, తుపాకీ పెట్టింది. తొంభై ఆరు.

"ఇంకా జాగా ఉంది మావయ్యా! పందెంలో ఇంకో పిసరు బిగించొచ్చు."

పందెం ఇంకో పది నిమిషాల్లో మొదలవుతుంది. నేను నా ఘనకార్యాన్ని దగ్గరగా చూసుకుందామని ఇంజిన్ మీదికి వంగాను. నా ముక్కు చివర వేలాడుతున్న చెమట చుక్క ఒకటి దాని మీద పడింది. పోపులో ఆవగింజలా చిటుక్కున ఎగిరి మాయమైంది.

నేను అలాగే వంగి ఉండిపోయాను.

నుదుటి మీది చెమట వేలితో తీసి ఇంకొకటి వేశాను. చిటుక్! పక్కనే టీ చుక్క వేశాను. అది కాళ్ళు చాపుకుని కూర్చుని ఉడికింది. చెమటకూ టీకీ మధ్య గోరంత దూరం లేదు. తల అదే, వేడీ అదే. అప్పుడు టీ చుక్కలోకి తేరిపార చూశాను. చక్కెర పాకమవుతోంది, పాలు అంటుకుపోతున్నాయి. అది ఆగింది ఇంజిన్ చల్లగా ఉండి కాదు, అడుగంటి. ఎనిమిదేళ్ళుగా అందులో డిగ్రీలు కనిపిస్తాయని చెప్పుకున్నాను. చూస్తున్నది కోవా.

చెప్పకపోతే ఏమవుతుంది? తుపాకీ కూడా తొంభై ఆరే అంది కదా, నేరం నాది ఒక్కడిదే కాదు కదా, ఇంజిన్లు వాటంతటవే కాలుతుంటాయి కదా అని ఒక క్షణం అనుకున్నాను. అబద్ధమాడను, మూడు క్షణాలు అనుకున్నాను. కోడలు సీసాతో ఇంధనం పోస్తోంది. వంచిన మెడ మీద చెమట. ఈ ఒక్క కారు కోసం ఈ పిల్ల ఆరు రోజులూ ఆ డ్యూటీలు ఎలా చేస్తుందో నాకు తెలుసు.

లేచి నిలబడ్డాను. చేతులు వాటంతటవే ముందుకొచ్చి కట్టుకున్నాయి, చర్చిలోలాగా. గొంతు కూడా ఆ గొంతే వచ్చింది.

"అందరి ముందు సాక్షెం సెప్తన్నాను. నాను టగ్గు మీద పని సెయ్యలేదు. ఇంజిన్ గదిలోకి ఒక్కసారెల్లినాను, ఉక్కకి తట్టుకోలేక పైకొచ్చీసినాను. నాను తాళ్ళు పట్టీవోణ్ణి. ఈ టీ సుక్క నా కల్పన. బావగారి ముందు గొప్ప కోసం సెప్పినాను. ఇంజిన్ సల్లగా లేదు, మండిపోతంది. నా సెమట సెప్పింది."

టీ బల్ల వైపు నుంచి మా ఆవిడ దగ్గు వినిపిస్తుందేమోనని చూశాను. దగ్గలేదు.

కోడలు ముందు తేరుకుంది. "తాళ్ళ సంగతి నాకు తెలుసు మావయ్యా. పెళ్ళయిన నెలకే అత్తమ్మ సెప్పీసింది. టీ సుక్క మాత్తరం నిజమే అనుకున్నాను! డాకులో ఎవుల్నో సూసి నేర్సుకునుంటారని." అని తుపాకీ వైపు చూసింది. "మరి ఇదేటి? ఇది కూడా తొంబై ఆరే అంటంది గదా?"

వియ్యంకుడు నా వైపు చూడనేలేదు. ఇంజిన్ వైపే చూస్తున్నాడు. ఆయన తలెత్తి అడిగిందేమిటో తెలుసా?

"దీన్ని ఇంతలాగ ఎవులు తోమినారు?"

"నానే అన్నయ్యగారూ!" అంది మా ఆవిడ గర్వంగా. "సింతపండెట్టి."

"అదీ సంగతి" అన్నాడు. గబగబా టీ దాదా దగ్గరికెళ్ళి, కెటిల్ అడుగున మసి అగ్గిపుల్లతో గీకి, నైట్రో సీసా మూతకున్న తడితో రంగరించాడు. తిరిగొచ్చి ఒక కన్ను మూసుకుని, ఇంజిన్ తల మధ్యన అగ్గిపుల్లతో ఒక చుక్క పెట్టాడు. గుండ్రంగా, అంచు చెదరకుండా, పెళ్ళికూతురి బుగ్గన చుక్కలా ఉంది. "ఇప్పుడు దీని మీద సూడమ్మా."

కోడలు ఎర్ర చుక్కను నల్ల చుక్క మీద పెట్టింది. నూట ఇరవై ఏడు. పక్కకు జరిపింది. తొంభై. మళ్ళీ నలుపు మీద. నూట ఇరవై ఆరు.

"ఆగి ఐదు నిమిసాలయినా ఇంతుందే! పరిగెట్టినప్పుడు ఎంతుండాల?" అంది.

"మెరిసీది దాని ఏడి అది సూపించదమ్మా. తుపాకీని మోసం సేత్తాది. నల్లటిది ఉన్నదున్నట్టు సెప్తాది" అన్నాడాయన. "వర్క్‌షాపులో చక్రాల కాడ ఇరుసుపెట్టెల ఏడి ఇలాటి తుపాకీతోటే సూసీవోరు. కొత్త పెట్టెలు మెరుత్తాయి గదా, తప్పు సూపించీవి. అప్పుడు నన్ను పిలిసి, ఓ నల్ల సుక్కెట్టవయ్యా అనీవోరు."

"ఆహా! ఎంతయినా ఫిట్టరు ఫిట్టరే!" అన్నాను నేను. నా పరువు పోతే పోయింది, ఆయనదైనా నిలవాలని.

ఆయన అగ్గిపుల్ల పారేసి వేలు లుంగీకి తుడుచుకున్నాడు. "నాను ఫిట్టర్ని కాదు బావగారూ. పెయింటర్ని. వ్యాగన్ల మీద నంబర్లు రాసీవోణ్ణి."

"మరి పెళ్ళిసూపుల్నాడు ఫిట్టరన్నారు?"

"నానెక్కడన్నాను? వర్క్‌షాపన్నాను. ఫిట్టరన్నది మీరు. అంత గౌరవంగా అంటంటే కాదనడమెందుకని లడ్డూ ఎట్టినాను."

మా ఆవిడ నవ్వు మొదలుపెట్టింది. క్యారేజీ గిన్నెలు కూడా కదిలాయి. కారు డొప్ప మీది తెల్లటి అంకెల్ని అప్పుడు చూశాను, ఎనిమిదేళ్ళలో మొదటిసారి చూసినట్టు. లేని ఫిట్టరు ముందు లేని ఇంజినీరునయ్యాను.

"మరి నా సంగతి... ఇన్నాళ్ళూ మీరు నమ్మినారా బావగారూ?" అని గొణిగాను.

"నమ్మినాను" అన్నాడాయన నిజాయితీగా. "మా ఈదిలో అందరికీ సెప్పినాను గూడా. ఇప్పుడాళ్ళకేటి సెప్పాల?"

ఈలోగా ప్రొఫెసరు జెండా పట్టుకుని పిలుస్తున్నాడు. కోడలు స్క్రూను వెనక్కి తిప్పింది, బిగించినదంతా వదిలి ఇంకో పిసరు కూడా వదిలింది. నేను తాడు లాగాను. ఇంజిన్ గురగురమంటూ లేచింది. వెనక పలచటి నీలంపొగ, ఆముదం వాసన. ఈసారి ఆ వాసన నాకు ఎంత బాగుందో!

పందెం మొదలైంది. మా కారు ఐదోది. పందెంలో వేగం తగ్గించి నడపడమంటే, ఆకలేసినవాడు పెళ్ళి భోజనాల ముందు నిలబడి పద్ధతిగా ఉండడం లాంటిది. అందరూ దాటిపోతుంటే కోడలి పెదాలు బిగుసుకుంటున్నాయి. ఏడో నిమిషంలో ఇంధనం కోసం కారును లోపలికి తెచ్చింది. నేను సీసాతో నింపుతున్నాను. స్క్రూ డ్రైవరు ఆమె చేతిలోకి ఎప్పుడు వచ్చిందో చూడలేదు.

"మావయ్యా, రవ్వంత బిగించనా? ముందున్నోడు దగ్గర్లోనే ఉన్నాడు."

జీవితంలో ఇంజిన్ గురించి ఎవరైనా నన్నడిగితే నేను జవాబు చెప్పకుండా ఉన్నది లేదు. ఆ రోజు మాత్రం నోరు తెరిచి మూశాను.

"నాకేటి తెలుసమ్మా? తాళ్ళు పట్టీవోణ్ణి. ఆ సుక్కనడుగు."

ఎర్ర చుక్క నల్ల చుక్క మీద పడింది. నూట పంతొమ్మిది. కోడలు ఒక్క క్షణం ఆలోచించి స్క్రూ డ్రైవరును వాళ్ళ నాన్న చొక్కా జేబులో పెట్టేసి, కారును పంపింది.

చివరి మూడు నిమిషాలు నేను చూడలేదు. కళ్ళు మూసుకుని వింటున్నాను. ఆ గోల మధ్య ఒక గొంతు ఆగింది. మాది కాకూడదు ప్రభువా అనుకున్నాను. కళ్ళు తెరిస్తే, మాకు ముందు పోతున్న పచ్చకారు దారి మధ్య ఆగి పొగలు కక్కుతోంది. మా ఎర్రకారు దాని పక్కనుంచి గురగురలాడుతూ దాటింది. పదిహేనో నిమిషంలో జెండా పడేదాకా అది ఆగలేదు.

మా కోడలు మొదటి స్థానంలో వచ్చింది.

సరే, నాలుగు. అయినా కడదాకా నడిచింది. ఆగిన ఇంజిన్‌కు, దానితో పాటే తిరిగే చిన్న చక్రాన్ని ఆమె వేలితో తిప్పి చూసుకుంది. అది పట్టెయ్యకుండా మెత్తగా తిరిగింది. ఇంకోసారి తిప్పింది, అవసరం లేకపోయినా. వాళ్ళ నాన్న ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మసి ఆమె జుట్టుకు అంటుకుంది. టీ దాదా అందరికీ ముంతలు పోస్తూ, నాకు మాత్రం ఇంజిన్ దగ్గర్నుంచి దూరంగా జరిగాకే ఇచ్చాడు.

ఇప్పుడు పందెం ఉన్న ఆదివారం వియ్యంకుడు ఖరగ్‌పూర్ నుంచి చిన్న నల్లరంగు డబ్బా, సన్నని కుంచె పట్టుకొస్తాడు. మిగతావాళ్ళు కూడా ఇంజిన్లు పట్టుకుని ఆయన ముందు వరుస కడతారు. తాడు లాగితే స్టార్టవని కార్లుంటే నా దగ్గరికి తెస్తారు. మా ఆవిడ చింతపండు డబ్బాకు కోడలు మూత గట్టిగా బిగించింది. నా టీ చుక్క మాడిన మరక మాత్రం ఆ ఇంజిన్ తల మీద, నల్ల చుక్క పక్కన ఇంకా ఉంది. కోడలు తుడవనివ్వదు. ఒకసారి సరదాకు దాని మీద కూడా తుపాకీ పెట్టి చూసింది. నల్ల చుక్కకు రెండు డిగ్రీలే తేడా. మాడిపోయాక నా టీ కూడా నిజమే చెబుతోందన్నమాట. ఈ ముక్క నేను వీధంతా చెప్పుకున్నాను.

పందెం తర్వాతి ఆదివారం చర్చిలో సాక్ష్యానికి లేచాను. ప్రభువు మా కోడలి ఇంజిన్‌ని ఎలా కాపాడాడో మొదలుపెట్టాను. యార్డంతా పొగతో నిండిపోయిందని, ఇంజిన్ రెండొందల డిగ్రీలకు చేరిందని చెబుతున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి దగ్గు వినిపించింది. చూస్తే మా ఆవిడ కాదు, కోడలు.

"నూట ఇరవై ఏడు" అన్నాను. "దేవునికి స్తోత్రం."